కొనేవారిని ఎరిగినవారిదే సరుకు: శ్రీకాళహస్తి కలంకారీ చెప్పే పాఠం

1. లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు కింది విషయాలను వివరించగలుగుతారు.

• దూరదేశాల కొనుగోలుదారుల అభిరుచికి తగినట్లు కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు ఎలా మారాయి?
• బట్టను గురించిన జ్ఞానం ఒకరి చేతిలో, కొనేవారిని గురించిన జ్ఞానం మరొకరి చేతిలో ఉండటంవల్ల ఏం జరిగింది?
• 1957 తరవాత శ్రీకాళహస్తి కలంకారీ ఎలా నిలదొక్కుకున్నది?
• సొంతంగా ఒక వస్తువును తయారుచేసి ఆన్‌లైన్‌లో అమ్మదలచినవారు ముందుగా ఏయే విషయాలు పరిశోధించాలి?

2. ఉపోద్ఘాతం

మీలో చాలామంది ఏదో ఒక పని చేసుకుంటూ చదువుకుంటున్నవారే. ఇంట్లో పెట్టిన పచ్చళ్లు, కుట్టిన జాకెట్లు, చేసిన బొమ్మలు ఫోన్ ద్వారా అమ్ముకుంటే నాలుగు రాళ్లు మిగులుతాయి కదా అని ఆలోచిస్తున్నవారు కూడా మీలో ఉంటారు. అందుకు వాణిజ్యశాస్త్రం చదవాలి గాని చరిత్ర ఎందుకని మీకు అనిపించవచ్చు. కంటికి కనబడని మనిషికి సరుకు అమ్మవలసి రావడం ఇంటర్నెట్‌తో పుట్టిన సమస్య కాదు. తెలుగునేల మీద బట్టలపై బొమ్మలు వేసినవారు నాలుగు వందల ఏళ్ల కిందటే ఈ సమస్యను ఎదుర్కొన్నారు. వారు ఎక్కడ గెలిచారో, ఎక్కడ ఓడారో తెలిస్తే మన పని కొంత సులువవుతుంది.

ఒక చిన్న అనుభవంతో మొదలుపెడతాను. ఆ మధ్య ఒక ఆన్‌లైన్ దుకాణంలో ‘చేతితో గీసిన శ్రీకాళహస్తి కలంకారీ’ అని రాసి ఉంటే ఒక దుపట్టా తెప్పించాను. విప్పి చూస్తే దానిమీద పదకొండు నెమళ్లున్నాయి. ప్రతి నెమలి ముక్కు దగ్గరా గీత ఒకే చోట తెగి ఉంది. చేతితో గీసే మనిషి పదకొండు సార్లు ఒకే చోట ఒకే తప్పు చేయడు. అది స్క్రీన్‌తో అచ్చు వేసిన బట్ట. నాకు పోయింది కొన్ని వందల రూపాయలే. కాని ఆ మాటను నమ్మి కొని మోసపోయిన ప్రతి మనిషీ, రేపు నిజంగా కలం పట్టి గీసిన బట్ట కనిపించినా నమ్మడు. అసలు నష్టం శ్రీకాళహస్తిలో ఎండలో కూర్చుని గుడ్డ ఆరవేసుకుంటున్న కళాకారుడిది. ఈ పాఠంలోని ప్రధాన ప్రశ్న అక్కడి నుంచే పుడుతున్నది. ఒక వస్తువు తయారుచేసినవాడిది ఎప్పుడవుతుంది, ఎప్పుడు కాకుండా పోతుంది?

3. కలం, కరక్కాయ, కసిమి

శ్రీకాళహస్తి స్వర్ణముఖి నది ఒడ్డున ఉన్న పుణ్యక్షేత్రం. 2022 వరకు చిత్తూరు జిల్లాలో, ఆ తరవాత తిరుపతి జిల్లాలో ఉన్నది. ఇక్కడి కలంకారీ దేవాలయాన్ని ఆశ్రయించి పెరిగింది. రామాయణ, భారత కథలను గళ్లుగళ్లుగా చిత్రించి, బొమ్మల కింద తెలుగులో వివరం రాసిన పెద్ద తెరలు దీని ప్రత్యేకత. 1880ల నాటి ఒక కాళహస్తి రామాయణం తెరను లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో భద్రపరిచారు. మచిలీపట్నం, పెడన ప్రాంతాల కలంకారీలో ప్రధానంగా చెక్క అచ్చులు వాడతారు. శ్రీకాళహస్తిలో గీత అంతా కలంతోనే. మొనదేలిన వెదురుపుల్లకు ఉన్నిగాని గుడ్డపీలికగాని చుట్టి దారంతో బిగిస్తే అదే కలం. చుట్టిన భాగాన్ని వేళ్లతో నొక్కిన కొద్దీ రంగు కిందికి దిగుతుంది.

పని విధానాన్ని కొంచెం వివరంగా తెలుసుకుందాం. కోరా గుడ్డను ఉతికి, కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరవేస్తారు. పాలలోని కొవ్వువల్ల గీసిన గీత పక్కకు పాకదు. కరక్కాయలోని టానిన్ రంగును పట్టి ఉంచుతుంది. చింతపుల్లను కాల్చిన బొగ్గుతో బొమ్మ ఆకారం గీసుకుంటారు. తుప్పుపట్టిన ఇనుపముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రోజుల తరబడి పులియబెడితే వచ్చే ద్రవం కసిమి. అది కలంలో ఉన్నప్పుడు పలచగా ఉంటుంది గాని, కరక్కాయ పట్టిన గుడ్డను తాకగానే నల్లబడుతుంది. ఎరుపు రావలసిన చోట్ల పటిక నీళ్లు పూసి, తరవాత ఎర్రరంగు చెక్కలో, వేళ్లలో గుడ్డను ఉడకబెడతారు. పటిక ఉన్నచోటే ఎరుపు నిలుస్తుంది. మిగిలినది పారే నీటిలో పోతుంది. అందుకే ఈ పనికి నది కావాలి. మొత్తం దశలు పదిహేడని కొందరు, ఇరవైమూడని కొందరు లెక్క చెబుతారు.

దీన్ని ‘సంప్రదాయం’ అని ఒక్కమాటలో దాటవేయకండి. పాలు ఎన్ని పాళ్లు కలపాలి, కసిమి ఎన్నాళ్లు పులియాలి, ఏ ఎండకు ఎంతసేపు ఆరాలి అన్నవి తరతరాలుగా చేసి చూసి, చెడగొట్టి, సరిదిద్దుకుని తేల్చిన విషయాలు. ఇది ప్రయోగశాల లేని పరిశోధన. వస్తువును అభివృద్ధి చేయడంలో సగం పని ఇదే. మిగతా సగం కొనేవారిని తెలుసుకోవడం.

4. ఉత్తరం ఎవరికి వచ్చింది?

పదిహేడవ శతాబ్దం నాటికి కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు అనేక దేశాలకు వెళ్లేవి. డచ్చివారు 1606లో, ఇంగ్లీషువారు 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరాలు ఏర్పరచుకున్నారు. ఆగ్నేయాసియాలో సుగంధద్రవ్యాలు కొనడానికి వెండికన్నా ఈ బట్టలే బాగా పనికివచ్చేవి. 1639లో కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే మద్రాసు స్థలాన్ని కోరుకోవడానికి కూడా అక్కడ బట్ట చవకగా దొరకడం ఒక ముఖ్య కారణం. ఆ స్థలాన్ని ఇచ్చిన దామెర్ల నాయకులు కాళహస్తి పాలక వంశానికి చెందినవారే.

ఒకే కలం, ఒకే పటిక, ఒకే ఎరుపు. అయినా సరుకు ఒకటి కాదు. పర్షియాకు మెహరాబు ఆకారం ఉన్న తెరలు వెళ్లేవి. సయాముకు అక్కడి వారి నమూనాల ప్రకారం చిత్రించినవి వెళ్లేవి. ఐరోపాకు పూలకొమ్మలు విరిసిన పెద్ద చెట్టు బొమ్మతో మంచంమీద పరిచే పలంగ్‌పోష్‌లు వెళ్లేవి. మన గుళ్లకు పురాణ కథల తెరలు ఉండనే ఉన్నాయి.

ఇక్కడ ఒక ఉత్తరాన్ని గుర్తుంచుకోవాలి. 1643లో లండన్‌లోని ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు సూరత్‌లోని తమ ఉద్యోగులకు జాబు రాశారు. ముదురు ఎరుపు నేలమీద వేసిన బట్టలు అంతగా నచ్చడం లేదని, ఇకమీదట తెల్లని నేల ఎక్కువగా ఉంచి, మధ్యలో పూలు, కొమ్మలు రంగుల్లో వేయించి పంపమని దాని సారాంశం. ఆ జాబు వెళ్లింది పడమటి తీరానికి. కాని తూర్పు తీరంలో కూడా కంపెనీల పద్ధతి ఇదే. కొన్నవారి అభిప్రాయం, నచ్చనిదానికి కారణం, చేయవలసిన మార్పు మూడూ ఈ జాబులో ఉన్నాయి. ఈనాడు మనం మార్కెట్ పరిశోధన అంటున్నది ఇదే.

అయితే ఆ ఉత్తరం ఎవరికి వచ్చిందో గమనించారా? కంపెనీ ఉద్యోగికి. అతడు స్థానిక వర్తకుడికి చెప్పాడు. వర్తకుడు బయానా ఇచ్చి పని పురమాయించాడు. చిత్రకారుడి దాకా వచ్చింది ఒక నమూనా, ఒక గడువు, ఒక ధర మాత్రమే. తెల్లని నేల ఎవరికి, ఎందుకు కావాలో అతడికి తెలియలేదు. గుడ్డను గురించి సర్వం తెలిసినవాడికి, కొనేవాడిని గురించి ఏమీ తెలియకుండా పోయింది. ధర నిర్ణయించే శక్తి తెలిసినవాడి చేతికి చేరింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1643 నాటి జాబులో మార్కెట్ పరిశోధనకు సంబంధించిన మూడు అంశాలేవి? అవి చిత్రకారుడికి నేరుగా చేరకపోవడంవల్ల కలిగిన ఫలితమేమిటి? నాలుగు వాక్యాల్లో రాయండి.

5. చట్టాలు, జాబులు, రసాయనాలు

ఒకే మార్కెట్‌ను నమ్ముకున్న సరుకుకు ఎలాంటి ప్రమాదం వస్తుందో తరవాతి చరిత్ర చూపుతుంది. మన బట్టల ధాటికి అక్కడి ఉన్ని, పట్టు నేతపనివారు నిలవలేకపోయారు. ఫ్రాన్సు 1686లోనే అద్దకం బట్టలను నిషేధించింది. ఇంగ్లండులో 1700లో చేసిన చట్టం రంగు వేసిన, చిత్రించిన బట్టల దిగుమతిని ఆపింది. 1719లో లండన్ వీధుల్లో నేతపనివారు ఈ బట్టలు కట్టుకున్న స్త్రీల దుస్తులు చింపేదాకా వెళ్లారు. 1721 చట్టం, కొద్ది మినహాయింపులతో, వాటిని ధరించడాన్ని కూడా నిషేధించింది. ఇవి రద్దు కావడానికి ఫ్రాన్సులో 1759 దాకా, ఇంగ్లండులో 1774 దాకా పట్టింది.

ఆ మధ్యకాలంలో మరొకటి జరిగింది. దక్షిణాన పనిచేసిన ఫ్రెంచి మతబోధకుడు ఫాదర్ కేర్దూ అద్దకంలో ఆరితేరిన తన శిష్యులను అడిగి తెలుసుకుని, కరక్కాయ, పాలు మొదలుకొని పని విధానమంతా 1742లో జాబుగా రాసి పంపాడు. అది ఫ్రాన్సులో అచ్చయింది. చెప్పినవారికి అందులో తప్పు తోచి ఉండదు. అడిగినవారికి విద్య చెప్పడం మన మర్యాద. కాని ఆ విద్యకు వెల ఎంతో చెప్పినవారికి తెలియదు, రాసుకున్నవారికి తెలుసు. 1760లో పారిస్ దగ్గర జూయీ గ్రామంలో ఓబర్‌కాంఫ్ అద్దకం కార్ఖానా పెట్టాడు. 1783లో ఇంగ్లండులో రోలర్ అచ్చుయంత్రానికి పేటెంటు వచ్చింది. 1868లో జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు గ్రేబే, లీబర్‌మన్‌లు ఎర్రరంగుకు మూలమైన అలిజరిన్‌ను కృత్రిమంగా తయారుచేశారు. 1897లో కృత్రిమ నీలి బజారుకు వచ్చింది. వేరు నుంచీ ఆకు నుంచీ రంగు తీసే విద్యకు ఉన్న విలువ అలా పడిపోయింది.

దీన్నిబట్టి రహస్యాలన్నీ దాచిపెట్టాలని అర్థం చేసుకోకండి. దాచిన విద్యలు దాచినవారితోనే పోయిన ఉదాహరణలు మన ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. విద్య ఒకటే చేతిలో ఉండి, పేరు, మార్కెట్ రెండూ ఇతరుల చేతిలో ఉంటే ఆ విద్య నిలవదన్నదే ఇక్కడ గ్రహించవలసిన విషయం.

6. 1957: మళ్లీ మొదలు

స్వాతంత్ర్యం వచ్చేనాటికి శ్రీకాళహస్తిలో ఈ పని తెలిసినవారు వేళ్లమీద లెక్కపెట్టేంతమంది. 1952లో ఏర్పడిన అఖిల భారత హస్తకళల బోర్డుకు అధ్యక్షురాలైన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో 1957లో ఇక్కడ శిక్షణ కేంద్రం మొదలైంది. ఇంట్లో తండ్రి దగ్గర కొడుకు నేర్చుకునే విద్య, పద్ధతి ప్రకారం ఇతరులకూ నేర్పే విద్య అయింది. తండ్రి లక్ష్మయ్య దగ్గర ఈ కళ నేర్చుకున్న జొన్నలగడ్డ గురప్పచెట్టి దానికి విస్తృతమైన గుర్తింపు తెచ్చారు. 2008లో ఆయనకు పద్మశ్రీ లభించింది.

శిక్షణ ఇస్తే సరిపోదు. గుడిలో వేలాడే పెద్ద తెరలు ఏడాదికి ఎన్ని అమ్ముడవుతాయి? అందుకే తరవాతి దశాబ్దాల్లో కలంకారీ గోడనుంచి ఒంటిమీదికి దిగింది. చీరలు, దుపట్టాలు, జాకెట్టు గుడ్డలు, దిండు గలీబులు వచ్చాయి. బొమ్మ చిన్నదైంది. చీర కొంగుకు తగినట్లు కథ కుదించుకున్నది. నూలుతోపాటు పట్టుమీద కూడా గీయడం నేర్చుకున్నారు. కలం, కరక్కాయ, పారే నీరు మాత్రం నిజమైన పనిలో మారలేదు.

వస్తువును అభివృద్ధి చేయడమంటే ఏమిటో ఈ మార్పు చక్కగా చూపుతుంది. అన్నీ మార్చినవాడికి తనదంటూ ఏమీ మిగలదు. ఏదీ మార్చనివాడికి కొనేవారు మిగలరు. ఏది మార్చవచ్చో, ఏది మార్చకూడదో తేల్చుకోవడమే అసలైన పరిశోధన.

7. ఇప్పుడు మీ వంతు

ఆన్‌లైన్ అమ్మకంవల్ల ఒక పెద్ద మార్పు వచ్చింది. 1643లో కంపెనీ ఉద్యోగికి వచ్చిన ఉత్తరం ఇప్పుడు నేరుగా తయారీదారుడి ఫోనుకు వస్తుంది. కొన్నవారు రాసే సమీక్ష, వాపసు పంపేటప్పుడు చెప్పే కారణం, కొనకముందు అడిగే ప్రశ్న, ఇవన్నీ ఆ జాబుకు వారసులే. కాని పాత ప్రమాదం కూడా కొత్త రూపంలో ఉన్నది. ఎవరు ఏం వెతికారు, ఎక్కడ ఆగారు, ఎందుకు కొనలేదు అన్న సమాచారంలో ఎక్కువ భాగం అమ్మకపు వేదిక దగ్గరే ఉంటుంది. నాటి కంపెనీ స్థానంలో నేటి వేదిక కూర్చున్నది. అందువల్ల కింది నాలుగు పనులు మీరే చేసుకోవాలి. మీ వస్తువు కలంకారీ కానక్కరలేదు, ఊరగాయ అయినా ఇవే ప్రశ్నలు.

మొదటిది, కొనేవారిని అడగడం. మీ బంధువులను అడిగితే ‘బాగుంది’ అంటారు. ఆ మాటకు విలువ తక్కువ. మిమ్మల్ని ఎరుగని పదిమందికి నమూనా చూపండి. ‘నచ్చిందా?’ అనే బదులు ‘ఇలాంటిది చివరిసారి ఎప్పుడు కొన్నారు, ఎంత పెట్టారు, ఏం ఇబ్బంది వచ్చింది?’ అని అడగండి. చెప్పినది చెప్పినట్లు నోటు పుస్తకంలో రాసుకోండి.

రెండవది, చేసి చూసి రాసుకోవడం. రెండు మూడు రకాలుగా చేయండి. ఒక్కోసారి ఒక్క అంశమే మార్చండి. రెండు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. రంగు ఎన్ని ఉతుకులకు నిలిచింది, పొట్లం కొరియర్‌లో ఎలా చేరింది అన్నవి మీరే పరీక్షించండి.

మూడవది, లెక్క. ఊహించిన అంకెలతో ఒక ఉదాహరణ చూద్దాం. ఒక దుపట్టాకు గుడ్డ 400, రంగులు, పాలు, కట్టెలు 200, రోజుకు 700 చొప్పున మూడు రోజుల పని 2,100, ఉతుకు, ప్యాకింగ్, కొరియర్ 300, మొత్తం 3,000 రూపాయలు అనుకుందాం. మీకు 600 మిగలాలి. అంటే చేతికి 3,600 రావాలి. అమ్మకపు ధరలో వేదికకు 15 శాతం, వాపసుల నష్టానికి 5 శాతం పోతుందనుకుంటే ధర ఎంత పెట్టాలి? చాలామంది 3,600కు 20 శాతం కలిపి 4,320 అంటారు. అది తప్పు. కోత పడేది ధరమీద. 4,320లో 20 శాతం పోగా 3,456 మాత్రమే చేతికి వస్తుంది. 3,600ను 0.80తో భాగిస్తే వచ్చే 4,500 సరైన ధర. పన్నులు ఈ లెక్కలో చేర్చలేదు. ఇంకొక మాట, మీ సొంత శ్రమను సున్నాగా వేసుకోకండి. ఇంట్లో ఆడవాళ్లు చేసే పనికి కూలి కట్టకుండా వేసిన ధర లాభం చూపినా నష్టమే.

నాలుగవది, తేడాను చూపడం. అచ్చు వేసిన దుపట్టా 600కు దొరుకుతుంటే మీది 4,500 ఎందుకు? ధరలో దానితో పోటీపడలేరు, పడకూడదు. ఫోటోలో వాసన తెలియదు, స్పర్శ తెలియదు. కాబట్టి కలం పట్టిన చేతిని, ఆరవేసిన గుడ్డను, రెండు నెమళ్ల మధ్య ఉన్న చిన్న తేడాను చూపండి. ఆ తేడా లోపం కాదు, సాక్ష్యం. ఉన్న పరిమితిని కూడా రాయండి. మొదటి ఉతుకులో రంగు కొంచెం వదిలితే ఆ మాట ముందే చెప్పండి. ముందే చెప్పినదానికి వాపసు రాదు.

8. పేరును కాపాడుకోవడం

వస్తువుల భౌగోళిక సూచికల చట్టం 1999లో చేశారు, 2003 సెప్టెంబరు 15 నుంచి అమలులోకి వచ్చింది. దాని కింద శ్రీకాళహస్తి కలంకారీకి 2005–06లో, మచిలీపట్నం కలంకారీకి 2008–09లో నమోదు లభించింది. ఈ గుర్తింపు మొత్తానికి చెందిన పేరును కాపాడుతుంది. ఆ ప్రాంతపు తయారీదారులు ‘అధీకృత వినియోగదారు’గా విడిగా నమోదు చేసుకునే వీలు కూడా చట్టంలో ఉన్నది. పేరు నమోదైనంత మాత్రాన దొంగసరుకు దానంతటదే ఆగిపోదు. పట్టించుకుని అడిగేవారు ఉండాలి.

కొనేవారి పక్షాన కూడా నియమాలున్నాయి. 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ–కామర్స్) నియమాల ప్రకారం, ప్రకటించిన లక్షణాలు సరుకులో లేకపోతే అమ్మినవారు వాపసు తీసుకోవడానికి నిరాకరించకూడదు. నా నెమళ్ల దుపట్టాను నేను అలాగే తిప్పి పంపాను. కారణం రాయవలసిన చోట ‘ఇది చేతితో గీసినది కాదు’ అని రాశాను. మీరు కొన్నప్పుడు కూడా అలాగే చేయండి. నిజమైన పనికి విలువ నిలబెట్టే బాధ్యత కొనేవారిది కూడా.

9. సారాంశం

కోరమాండల్ బట్టలు ప్రపంచ మార్కెట్‌ను గెలవడానికి రెండు జ్ఞానాలు తోడ్పడ్డాయి. ఒకటి రంగు, గుడ్డ, నీటిని గురించి తయారీదారుడు ఎరిగినది. రెండవది కొనేవారి అభిరుచిని గురించి వర్తక కంపెనీలు ఎరిగినది. రెండవది తన చేతిలో లేకపోవడంవల్ల తయారీదారుడు కూలివాడిగా మిగిలాడు. నిషేధాలు, యంత్రాలు, కృత్రిమ రంగులు వచ్చినప్పుడు అతడికి ముందస్తు హెచ్చరిక కూడా అందలేదు. 1957 తరవాత శ్రీకాళహస్తి మూలాన్ని వదలకుండా రూపాన్ని మార్చి నిలిచింది. ఈనాడు కొనేవారి మాట తయారీదారుడికి నేరుగా చేరే అవకాశం ఉన్నది. దాన్ని విని, రాసుకుని, లెక్కవేసుకుని, పేరును కాపాడుకున్నవారిదే సరుకు అవుతుంది.

10. మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. పదిహేడవ శతాబ్దంలో కోరమాండల్ అద్దకం బట్టలు వివిధ మార్కెట్లకు తగినట్లు ఎలా మారాయో వివరించండి.
2. 1686–1774 మధ్య ఐరోపాలో వచ్చిన నిషేధాలను, వాటి కారణాలను చర్చించండి.
3. శ్రీకాళహస్తి కలంకారీలో 1957 తరవాత మారినవేవి, మారనివేవి?
4. మీ ఊరిలో తయారయ్యే ఒక వస్తువును ఎంచుకొని, పైన చెప్పిన నాలుగు పనులను మూడు వారాల్లో చేసి, మీ నోటు పుస్తకం ఆధారంగా రెండు పుటల నివేదిక రాయండి. మీ అంచనా తప్పిన చోటును తప్పక పేర్కొనండి. ఎక్కువ నేర్చుకునేది అక్కడే.